సింగపూర్‌లో మూడు రోజులు: గైడ్ ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

మీరు అడిగింది ఇది: పెద్దవాళ్లు ఇద్దరు, మీరిద్దరు, పిల్లలు ఇద్దరు, మొత్తం ఆరుగురు. సింగపూర్‌లో మూడు రోజులు ఉంటారు. పేరున్న కట్టడాలు చూడాలి, పిల్లల కోసం జంతువులు, పక్షులు కూడా చూడాలి. ఏజెంట్ పంపిన గైడెడ్ టూర్ తీసుకోవాలా, సొంతంగా తిరగాలా?

రెండూ కొంచెం కొంచెం. నగరం నడిబొడ్డున ఉన్న కట్టడాలకు గైడ్ లేకపోయినా మీకు పోయేదేమీ లేదు. మడ అడవిలో, వానడవిలో గైడ్ లేకపోతే మాత్రం పది అడుగుల దూరంలో ఉన్న జంతువు కూడా కంటికి ఆనదు. ఏజెంట్ల ప్యాకేజీలు సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటాయి. మెర్లయన్ విగ్రహం దగ్గర మైకు పట్టుకున్న గైడ్ ఉంటాడు. జంతువుల దగ్గరకొచ్చేసరికి టికెట్లు చేతిలో పెట్టి జూ గేటు ముందు దింపేస్తారు. గైడ్‌కు పెట్టే డబ్బు అక్కడ మిగిల్చి ఇక్కడ ఖర్చు పెట్టండి. ఇంకో సంగతి, ఏ రోజు ఎక్కడికి అనేది మ్యాప్ చూసి కాకుండా ఎండను, ఆటుపోట్లను చూసి వేసుకోండి. ఊరు చిన్నది, దూరాలు పెద్ద సమస్య కావు. వేళ తప్పితే మాత్రం దిద్దుకోలేరు.

ముందు ఏజెంట్ పంపిన పీడీఎఫ్ తీసి చూడండి. అందులో జురాంగ్ బర్డ్ పార్క్ పేరుంటే ఆ కాగితం పాతది. ఆ పార్క్ 2023 జనవరిలో మూతపడింది. పక్షుల్ని మండాయ్ అనే ప్రాంతంలో కొత్తగా కట్టిన బర్డ్ ప్యారడైజ్‌కి తరలించారు, అది అదే ఏడాది మేలో తెరుచుకుంది. సెంటోసా దీవిలో 37 మీటర్ల పెద్ద మెర్లయన్ ఎక్కిస్తామని రాసి ఉన్నా అంతే, దాన్ని 2019లో మూసేసి తర్వాత పడగొట్టారు. అక్కడి అండర్‌వాటర్ వరల్డ్ 2016లోనే పోయింది. సీ అక్వేరియం 2025లో పెంచి కట్టి సింగపూర్ ఓషనేరియం అయింది. ఇలాంటి పేరు ఒక్కటి కనబడినా మిగతా వేళలు, ధరలు కూడా పాతవే అనుకుని మళ్లీ అడిగి రాయించుకోండి.

కాగితంలో ఎస్‌ఐసీ అని ఉంటే అది సీట్ ఇన్ కోచ్, అంటే వేరే కుటుంబాలతో కలిపి పెద్ద బస్సు. హాఫ్ డే సిటీ టూర్ మూడున్నర గంటలంటారు. అందులో హోటల్ హోటల్‌కీ తిరిగి జనాన్ని ఎక్కించుకోవడం ఉంటుంది, దారిలో ఒక షాపింగ్ ఆగడం ఉంటుంది, మెర్లయన్ దగ్గర ఇరవై నిమిషాల ఫోటో ఆగడం ఉంటుంది. పార్లమెంటు, పాత సుప్రీంకోర్టు లాంటివి బస్సు కిటికీలోంచే దాటిపోతాయి. పెద్దవాళ్లు నడవలేని పరిస్థితి అయితే ఈ బస్సుకో ప్రయోజనం ఉంది. ఓ మాదిరిగా నడవగలిగితే ఎంఆర్‌టీ రైలు ఎక్కి ఇవే చోట్లు సగం ఖర్చుతో, తీరిగ్గా చూడొచ్చు.

ఇప్పుడు వేళల సంగతి. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైన ఉంది. ఏడాది పొడుగునా సూర్యోదయం ఉదయం 7 గంటల చుట్టూ, సూర్యాస్తమయం సాయంత్రం 7 గంటల చుట్టూ జరుగుతాయి. అక్కడి గడియారం సూర్యుడి కన్నా గంట ముందు నడుస్తుంది కాబట్టి నడినెత్తి ఎండ పన్నెండుకు కాదు, ఒంటిగంటకు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా బయట తిరిగే కార్యక్రమం ఏదీ పెట్టకండి. ఉష్ణోగ్రత 32, 33 డిగ్రీలే కదా అనిపిస్తుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, మన రోహిణి ఎండలకు అలవాటుపడ్డ పెద్దవాళ్లు కూడా అక్కడ గంటలో నీరసపడిపోతారు. జంతువులకూ ఇదే లెక్క. పొద్దున 7 నుంచి 9:30 వరకు, సాయంత్రం 5 నుంచి చీకటి పడేదాకా అవి కదులుతాయి. మధ్యలో నీడన పడుకుంటాయి.

గడియారంలో ఇంకో మెలిక ఉంది. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం 7 అంటే మీ పిల్లల ఒంటికి తెల్లవారుజాము 4:30. అక్కడ రాత్రి 10 అంటే వాళ్లకు సాయంత్రం 7:30. అందుకే మొదటి రోజు పొద్దున్నే అడవి నడక పెట్టుకుంటే ఏడుపులతో మొదలవుతుంది, మొదటి రాత్రి నైట్ సఫారీ పెట్టుకుంటే హాయిగా గడుస్తుంది. మన వైపు నుంచి చాలా విమానాలు రాత్రి బయల్దేరి తెల్లవారి దిగుతాయి, కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం అందరూ నిద్రపోవడం ఒక్కటే షరతు. నైట్ సఫారీ, తెల్లవారి మడ అడవి నడక పక్కపక్క రోజుల్లో రాకుండా చూసుకోండి. ముందు రాత్రి పదకొండున్నరకు హోటల్ చేరినవాళ్లను పొద్దున ఆరింటికి లేపడం ఎవరి వల్లా కాదు.

మొదటి రోజు ఉదయం సామాను హోటల్లో పడేసి, గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు కాబట్టి, మెర్లయన్ పార్క్‌కి వెళ్లిపోండి. విగ్రహం ముఖం తూర్పుకు ఉంది. తొమ్మిది, పది గంటల ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది. మధ్యాహ్నం వెళ్తే ముఖం నీడలోకి పోయి, ఫోటోలో వెనక భవనాలే మెరుస్తాయి. బస్సు గైడ్ చెప్పే కథ మొత్తం ఇది: సింహం తల, చేప ఒడలు ఉన్న ఈ బొమ్మ 1964లో టూరిజం బోర్డు గుర్తుగా పుట్టింది. విగ్రహాన్ని 1972 సెప్టెంబర్ 15న ఆవిష్కరించారు. ఎత్తు 8.6 మీటర్లు, బరువు 70 టన్నులు. 1997లో ఎస్ప్లనేడ్ వంతెన అడ్డంగా రావడంతో సముద్రం వైపు నుంచి కనబడకుండా పోయింది, అందుకని 2002లో 120 మీటర్లు జరిపి ఇప్పుడున్న చోట పెట్టారు. ఇక దీనికి గైడ్ ఎందుకు?

గైడ్ కన్నా ఆ నీళ్ల కథ తెలిసినవాడు దొరికితే నయం. మెర్లయన్ నోట్లోంచి పడే నీళ్లు ఇప్పుడు సముద్రంలో కాదు, మంచినీటి చెరువులో పడుతున్నాయి. 2008లో మరీనా బ్యారేజ్ అనే ఆనకట్ట కట్టి సముద్రాన్ని ఆపేశారు. అంతకుముందు 1977 నుంచి 1987 దాకా పదేళ్లు సింగపూర్ నదిని, కల్లాంగ్ బేసిన్‌ను శుభ్రం చేశారు. పడవల చెత్త, పందుల పెంపకం, కాలువ పక్కన వ్యాపారాలు అన్నీ తరలించారు. చేపలు తిరిగొచ్చాయి, చేపల వెనక నీటికుక్కలు వచ్చాయి. అవి 1970ల నాటికి దాదాపు కనుమరుగైన జంతువులు. 1998లో ఉత్తరాన సుంగేయ్ బులోలో మళ్లీ కనబడి, ఇప్పుడు ఆకాశహర్మ్యాల కింద పిల్లలతో సహా ఈత కొడుతున్నాయి. మన కోరింగ మడ అడవుల్లో ఉండే జాతే. జూ టికెట్ లేకుండా నగరం మధ్యలో చూడగల అడవి జంతువు ఇది, ప్యాకేజీల్లో దీని ఊసే ఉండదు.

వీటిని వెతికే పద్ధతి ఉంది. కల్లాంగ్ బేసిన్ ఒడ్డు, మరీనా చుట్టూ నడకదారి, బిషాన్ అంగ్ మో కియో పార్క్ మంచి చోట్లు. ఈ పార్క్‌లో 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువను తవ్వేసి 3.2 కిలోమీటర్ల వంకర నదిగా మార్చారు, ఒడ్డున గడ్డి, రాళ్లు ఉంటాయి, పిల్లలు పరుగెత్తడానికి కూడా వీలు. పొద్దున 7 నుంచి 9 లోపు వెళ్లి ముందు నీళ్లను కాదు, ఒడ్డును చూడండి. ఒడ్డున ఒకచోట గడ్డి లేకుండా ఇసుక నలిగి ఉంటే అవి ఈత తర్వాత పొర్లి ఒళ్లు ఆరబెట్టుకునే చోటు. దాని పక్కన చేప పొలుసులు, ముళ్లు మెరుస్తూ కనబడే నల్లటి పెంట ఉంటుంది. అది తడిగా, ఘాటైన చేపల వాసనతో ఉంటే గుంపు ఇటీవలే వెళ్లింది. ఎండి తెల్లబడి ఉంటే పాతది, అక్కడ కాచుకుని లాభం లేదు. నీళ్లలో బుడగల వరస ఒక దిక్కుకు సాగుతూ ఉంటే దాని చివర తల లేస్తుంది. ఒడ్డు వెంబడి నారాయణ పక్షి ఒకటి ఎగురుతూ ఆగుతూ వెళ్తుంటే దాన్ని గమనించండి. నీటికుక్కలు తరిమిన చేపల కోసం అది వాటిని వెంబడిస్తుంది. పిల్లలున్న గుంపు అయితే పది మీటర్ల దగ్గరకు కూడా పోవద్దు, నీళ్లకూ వాటికీ మధ్యలో నిలబడొద్దు. పెద్దవి కరుస్తాయి, ఆ పళ్లు చేప తలను నమిలే పళ్లు. నీటికుక్కల్ని గ్యారంటీగా చూపిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. గుంపులు ఒకచోట స్థిరంగా ఉండవు.

మొదటి రోజు రాత్రికి నైట్ సఫారీ. 1994లో మొదలైంది. సాయంత్రం 7:15కి తలుపులు తీస్తారు, టికెట్ మీద ప్రవేశ వేళ ఉంటుంది. ఎక్కువమంది మొదటి స్లాట్ కొని నేరుగా ట్రామ్ వరసలో నిలబడతారు, అదే చిక్కు. ట్రామ్ దాదాపు 40 నిమిషాల చుట్టు. పెద్దవాళ్లకు అది చాలు. కానీ ట్రామ్ లోంచి కనబడని జంతువులు నడకదారుల్లో ఉన్నాయి. చిరుతపులుల దారి, బావురుపిల్లుల దారి కాలినడకనే చూడాలి. మీరు 8:15 స్లాట్ తీసుకోండి. లోపలికి వెళ్లగానే దగ్గర్లో ఉన్న బావురుపిల్లుల దారి నడిచి, జనం పల్చబడ్డాక ట్రామ్ ఎక్కండి. ఫ్లాష్ పూర్తిగా నిషేధం. ఫోన్‌లో ఆటో ఫ్లాష్ ముందే ఆపేసి పిల్లల చేతికి ఇవ్వండి. చిన్న చినుకులకు సఫారీ ఆగదు, రెయిన్ కోటు ఉంటే చాలు.

మండాయ్‌లో నైట్ సఫారీ కాక జూ, రివర్ వండర్స్, బర్డ్ ప్యారడైజ్ కూడా ఉన్నాయి. నాలుగు పార్కుల కాంబో టికెట్ చవగ్గా కనబడుతుంది. మూడు రోజుల ప్రయాణంలో దాన్ని కొనకండి, సగం వాడకుండా పోతుంది. రాత్రి ఒకటి, మీకు ఇంకో పూట దొరికితే పగలు ఒకటి, అంతే.

రెండో రోజు ఆలస్యంగా లేవండి. కానీ గుళ్లు చూడాలంటే పదకొండు లోపు చేరాలి. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని శ్రీ మారియమ్మన్ గుడి 1827 నాటిది, అక్కడి హిందూ దేవాలయాల్లో అన్నిటికన్నా పాతది, ఉన్నది చైనాటౌన్‌లో. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, పెద్దవాళ్లు అక్కడ కాసేపు కూర్చుంటామంటారు. దక్షిణాది పద్ధతి గుళ్లు కాబట్టి మధ్యాహ్నం మూసేసి సాయంత్రం తెరుస్తారు. ప్యాకేజీ బస్సులు కొన్ని మధ్యాహ్నం రెండింటికి లిటిల్ ఇండియాలో దింపి గోపురం బయటనుంచి చూపిస్తాయి, మీ పీడీఎఫ్‌లో వేళ ఏం రాశారో చూసుకోండి. తెలోక్ అయ్యర్ వీధిలో థియన్ హాక్ కెంగ్ చైనా గుడి కూడా మారియమ్మన్ గుడికి దగ్గరే, 1842లో పూర్తయింది. అది కట్టినప్పుడు ఆ వీధే సముద్రపు ఒడ్డు. ఇప్పుడు సముద్రం కనుచూపు మేరలో లేదు, మధ్యలో ఉన్నదంతా పూడ్చిన నేల. ఈ పాత వీధుల వరకు మాత్రం రెండు గంటల కాలినడక గైడ్ తీసుకుంటే వృథా కాదు. గోడలు, గడపలు చూపించి చెప్పాల్సిన కథలు బస్సులోంచి చెప్పలేరు.

అక్కడ గైడ్‌కు టూరిజం బోర్డు లైసెన్స్ ఉండాలి, పని చేసేటప్పుడు బ్యాడ్జ్ కనబడేలా వేసుకోవాలి. లైసెన్స్ లేకుండా డబ్బు తీసుకుని తిప్పడం నేరం. ఏజెంట్ తాలూకు డ్రైవరే గైడ్‌గా కూడా మాట్లాడతానంటే ఒప్పుకోకండి. బండి దిగి మీతో నడిచే మనిషి కావాలి.

ఎండ ముదిరే వేళకు గార్డెన్స్ బై ద బే అద్దాల మేడల్లోకి వెళ్లిపోండి. ఫ్లవర్ డోమ్ లోపల 23 నుంచి 25 డిగ్రీలు ఉంటుంది. క్లౌడ్ ఫారెస్ట్‌లో 35 మీటర్ల కొండ, దాని మీదనుంచి జలపాతం. పైకి లిఫ్టులో వెళ్లి మెల్లగా దిగుతూ రావాలి, పెద్దవాళ్లకు సుఖం. ఎండ నుంచి తడిసిన బట్టలతో అందులోకి వెళ్తే చలి కొడుతుంది, ఒక శాలువా, పిల్లలకు పలచటి స్వెటర్ పెట్టుకోండి. నిర్వహణ కోసం ఈ మేడలను అప్పుడప్పుడు ఒక్కో రోజు మూసేస్తారు, ఆ తేదీలు వాళ్ల వెబ్‌సైట్‌లో ముందే ఉంటాయి. టికెట్ కొనే ముందు చూడండి.

బయట సూపర్‌ట్రీలు, అంటే చెట్ల ఆకారంలో కట్టిన స్తంభాలు, 18, ఎత్తు 25 నుంచి 50 మీటర్లు. వాటిలో 12 ఒకేచోట ఉన్నాయి, వాటి మధ్య 22 మీటర్ల ఎత్తున నడక వంతెన ఉంది. ఉరుములు మొదలైతే దాన్ని ఆపేస్తారు, కాబట్టి ఆ టికెట్ ముందుగా కొనొద్దు, సాయంత్రం ఆకాశం చూసి అక్కడే తీసుకోండి. రోజూ రాత్రి 7:45కి, 8:45కి చెట్ల దీపాల ప్రదర్శన, అది ఉచితం. పక్కనే మరీనా బే సాండ్స్ హోటల్ ముందు నీటి ప్రదర్శన 8 గంటలకు, 9 గంటలకు, అదీ ఉచితమే. చాలామంది 7:45ది చూసి 8 గంటల దానికి పరుగెత్తి రెండూ పోగొట్టుకుంటారు. దీపాల ప్రదర్శన పావుగంట, అక్కడనుంచి సాండ్స్ లోపలిగా నీళ్ల ఒడ్డుకు చేరడానికి పెద్దవాళ్లతో ఇరవై ఐదు నిమిషాలు. 7:45ది చూసి, దారిలో ఏదైనా తిని, 9కి నీటి ప్రదర్శన దగ్గర ముందు వరసలో ఉండండి. సూపర్‌ట్రీల కింద కుర్చీలు వెతకొద్దు, దుప్పటి పరిచి పడుకుని చూస్తేనే మెడ పట్టేయదు.

మూడో రోజు ఉదయం అసలు గైడ్ రోజు: సుంగేయ్ బులో వెట్‌లాండ్ రిజర్వ్. 1993లో పార్క్‌గా తెరిచారు, 2002లో రక్షిత ప్రాంతం చేశారు. ప్రవేశం ఉచితం, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు. దారులు ఎక్కువగా చదునైన చెక్క వంతెనలు, పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. క్రాంజీ ఎంఆర్‌టీ నుంచి 925 బస్సు ఉంది. ఆరుగురు కాబట్టి పొద్దున పూట బండి మేలు.

ఇక్కడ ఆటుపోట్లు తెలియకపోతే వెళ్లి లాభం లేదు. సెప్టెంబర్ నుంచి మార్చి వరకు సైబీరియా, ఉత్తర చైనా వైపు నుంచి ఉల్లంకి జాతి పక్షులు, చిన్న గోధుమ రంగు బురద పక్షులు వేలకొద్దీ దక్షిణానికి వస్తాయి. ఆటు వేళ అవి బయట సముద్రపు బురద మీద మేస్తాయి, దూరం, చుక్కల్లా కనబడతాయి. పోటు వచ్చి ఆ బురద మునిగినప్పుడు రిజర్వ్ లోపలి చెరువుల్లోకి వచ్చి ఒంటికాలి మీద నిలబడి విశ్రాంతి తీసుకుంటాయి, పక్షుల్ని చాటుగా చూడటానికి కట్టిన గుడిసెల నుంచి అప్పుడే దగ్గరగా కనబడతాయి. అంటే పక్షుల కోసమైతే పోటు వేళకు వెళ్లాలి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వెళ్లేవాళ్లు ఆ పక్షుల్ని మరచిపోయి ఆటు వేళకు వెళ్లండి. అప్పుడు బురద బయటపడుతుంది, బురద మీద పాకే మడ్‌స్కిప్పర్ చేపలు పైకొస్తాయి, ఉప్పునీటి మొసళ్లు ఒడ్డున ఎండ కాచుకుంటాయి. పోటు వేళ ఒక రోజు నుంచి మరో రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది. మీ తేదీకి పట్టిక ఇంటర్నెట్‌లో ఉంటుంది, అది చూసి మూడో రోజుకూ రెండో రోజుకూ మధ్య అవసరమైతే తారుమారు చేసుకోండి, అప్పుడు నైట్ సఫారీని కూడా రెండో రోజు రాత్రికి జరపండి.

పిల్లలకు నచ్చేది మడ్‌స్కిప్పరే. వంతెన అంచున ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. మొదట ఏమీ ఉండదు, బురదలో చిన్న గుంటలు మాత్రం. తర్వాత ఒక గుంట అంచున రెండు కళ్లు లేస్తాయి, తల మీద బొడిపెల్లాగా. ఒక్కోసారి ఒక కన్ను లోపలికి మింగినట్టు మూసి మళ్లీ తెరుస్తుంది, తేమ కోసం. తర్వాత ముందు రెక్కలను మోచేతుల్లాగా మడిచి పాకుతూ బయటికొస్తుంది. ఎవరైనా చప్పున లేచినా, నీడ పడినా మాయం, మళ్లీ ఐదు నిమిషాలు. మంచి గైడ్ అయితే పిల్లల్ని ఎండకు ఎదురుగా కూర్చోబెడతాడు, నీడ వెనక్కి పడేలా. గైడ్ పనితనం ఇలాంటి చోట తెలుస్తుంది.

మొసలి కోసం పెద్ద వంతెన మీద ఆగి నది రెండు ఒడ్లూ చూడాలి. కొట్టుకొచ్చిన దుంగలా ఉంటుంది, బైనాక్యులర్ లేకుండా చాలామంది చూడకుండానే దాటిపోతారు. ఉడుములు మాత్రం దారికి అడ్డంగా నడిచి వస్తాయి, రెండు మీటర్లకు పైగా కూడా పెరగగలవు. దారి వదిలేసి నిలబడితే వాటి మానాన అవి పోతాయి.

ఈ ఉదయానికి ప్రకృతి గైడ్‌ను మాట్లాడుకునేటప్పుడు ముందే ఒక ప్రశ్న వేయండి: ఆ రోజు పోటు ఎన్నింటికి, అందుకని మనం ఎన్నింటికి మొదలుపెడదాం? చప్పున జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోండి. తర్వాత, గుంపులో ఎంతమంది? పది దాటితే వెనకున్నవాళ్లకు ఏమీ కనబడదు. టెలిస్కోప్ లేదా అదనపు బైనాక్యులర్లు తెస్తారా? పిడుగుల వాన వచ్చి ఆగిపోతే డబ్బు వెనక్కా, ఇంకో రోజా? హోటల్ నుంచి తీసుకెళ్లేది గైడా, మనమే చేరుకోవాలా?

పులావ్ ఉబిన్ దీవి గురించి కూడా ఎవరైనా చెబుతారు. మంచి చోటే. చాంగీ పాయింట్ నుంచి చిన్న పడవలో పది పదిహేను నిమిషాలు. పడవ 12 మంది నిండితే కదులుతుంది, లేకపోతే మిగతా సీట్ల డబ్బు మీరే కట్టి వెళ్లొచ్చు, నగదు ఉంచుకోండి. అక్కడి చెక్ జావా తీరం ఆటు అర మీటరు లోపుకు దిగినప్పుడే కళగా ఉంటుంది, అదీ పగలు పడాలి. హార్న్‌బిల్ పక్షులు, అడవి పందులు, అడవికోళ్లు ఉంటాయి. జెట్టీ నుంచి చెక్ జావాకు నడక నలభై నిమిషాలు, పడవ ఎక్కడం దిగడం పెద్దవాళ్లకు కష్టం. మీ కుటుంబానికి బులోనే సరిపోతుంది. మాక్‌రిచీ ట్రీటాప్ వాక్ కూడా వదిలేయండి. 250 మీటర్ల వేలాడే వంతెన కోసం కనీసం ఏడు కిలోమీటర్లు అడవిలో నడవాలి, ఒకవైపే వెళ్లనిస్తారు, సోమవారాలు మూత.

మూడో రోజు మధ్యాహ్నం నిద్ర, ఐదింటికి బొటానిక్ గార్డెన్స్. 1859 నాటిది, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, తోట ఉచితం, లోపలి ఆర్కిడ్ తోటకు మాత్రం టికెట్. ఆగ్నేయాసియా రబ్బరు తోటల చరిత్రలో దీనికి పెద్ద చోటుంది. హెన్రీ రిడ్లీ డైరెక్టర్‌గా ఉన్న కాలంలో చెట్టును చంపకుండా బెరడు గాటు పెట్టి పాలు తీసే పద్ధతి ఇక్కడ రూపుదిద్దుకుంది. ఐదు డాలర్ల నోటు వెనక ఉన్న టెంబుసు చెట్టు ఈ తోటలోనిదే, నోటు పిల్లల చేతిలో పెట్టి వెతకమనండి, అరగంట మీకు ప్రశాంతం.

వాన ఎప్పుడైనా రావొచ్చు. డిసెంబర్, జనవరిల్లో ముసురు రెండు మూడు రోజులు పట్టొచ్చు. మిగతా నెలల్లో మధ్యాహ్నం ఉరుముల వాన గంటలో తేలిపోతుంది. ఏప్రిల్ నుంచి నవంబర్ మధ్య తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి గాలివాన వచ్చి పొద్దున కార్యక్రమాన్ని గంట రెండు గంటలు వెనక్కి నెట్టొచ్చు. ఉరిమితే చెక్క వంతెనల మీద, చెట్ల కింద ఉండొద్దు. కెమెరా సంగతి కూడా: ఏసీ బండిలోంచి దిగగానే లెన్స్ మీద మంచు పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. దిగడానికి ఇరవై నిమిషాల ముందే కెమెరాను ఏసీ గాలి తగలకుండా సంచిలో మూసి ఉంచండి.

జంతువులకు తిండి పెట్టడం నేరం, పావురాలతో సహా. మొదటిసారికి జరిమానా 5,000 సింగపూర్ డాలర్ల దాకా వేయొచ్చు. గింజలు చల్లే అలవాటున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి. అడవి అంచున పొడవు తోక కోతులు ఉంటాయి, వాటికి ప్లాస్టిక్ సంచి గలగల అంటే తిండి. సంచులన్నీ బ్యాగులో పెట్టేసి చేతులు ఖాళీగా నడవండి.

ఆరుగురికి మామూలు టాక్సీ చాలదు, నలుగురినే ఎక్కించుకుంటారు. ఆరు సీట్ల బండి యాప్‌లో పిలవొచ్చు, కానీ 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలకు యాప్ బండ్లలో చైల్డ్ సీటు తప్పనిసరి, లేకపోతే డ్రైవర్ ఎక్కించుకోడు. రంగు రంగుల మీటర్ టాక్సీలకు ఆ నిబంధన లేదు, రెండు టాక్సీలుగా విడిపోతే ఆ గొడవ ఉండదు. ఎంఆర్‌టీలో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు, అయితే మనిషికో కార్డు కావాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. పెద్దవాళ్లకు కార్డులు లేకపోతే స్టేషన్లో ఈజీ లింక్ కార్డులు కొనివ్వండి.